నడిమిట్ల ముక్క

ఈ ముచ్చట మొదలు చెప్పింది మేడ్చల్‌ల సెల్‌ఫోన్ల దుకాణం నడిపే ఇర్షాద్. అయిన మాట అయినట్టే చెప్తడు గాని ఒక్కకాడ మాత్రం సొంత ముక్క కలుపుతడు. దాని సంగతి ఆఖరుకు.

శామీర్‌పేట కృష్ణారావు రోజూ పొద్దున ఛాయ్ తాగి, ద్రాక్షతోటకు నీళ్లు మళ్లించి, గట్టు మీద కూసోని చెవులకు నల్ల వైరు హెడ్‌ఫోన్లు తగిలించుకుంటడు. డెబ్బై దాటినయి, కుడిచెవు సగం పోయింది. అవి లేకుంటే ఫోన్ల మాట వినపడది. వైరు లేనియి కొందామని కోడలు రోజారాణి ఎన్నిసార్లు అన్నా ఒప్పుకోలే. వైరుంటే మాట ఎటునుంచి వచ్చిందో ఎరుకైతది, గాలిల వచ్చేదాన్ని నడుమ ఎవడు వట్టుకుంటాండో ఎవలు చూసిన్రు అనేటోడు. సంతకం తప్ప రాత రాదు. కానీ మాట తప్పిన మనిషిని ఇరవై ఏండ్లయినా మరువడు.

పాత ఫోను నీళ్లల్ల వడి చెడిపోతే కోడలు ఇర్షాద్ కాడ కొత్తది తెచ్చింది. నాలుగు దిక్కుల తిప్పి చూసిండు. హెడ్‌ఫోన్ల పిన్ను పెట్టే తూటు లేదు. కోడలుపిల్లను మోసం చేసి అంటగట్టిన్రని కోపంతోని ఇర్షాద్ దుకాణానికి పోయిండు. ఇప్పుడు చానా ఫోన్లకు ఆ తూటు ఉంటలేదని, ఛార్జింగ్ పెట్టేకాడనే కన్వర్టర్ తగిలించి దాంట్ల పిన్ను గుచ్చుకోవాలని ఇర్షాద్ చెప్పిండు. వేలెడంత గూడ లేని తెల్ల వైరుముక్క చేతుల పెట్టిండు.

"అంటే ఫోనుకు నాకు నడుమ దళారన్నట్టు," అన్నడు కృష్ణారావు.

"గట్లనే అనుకో కాకా."

"దళారి ఊకెనే చేస్తడా? ఎంతో కొంత తింటడు."

"తింటది," అన్నడు ఇర్షాద్, ఎండకాలం ఎండ కొడ్తదన్నట్టు. "మాటలే గదా తినేది. నెలకోపారి పట్కరా, దులిపిస్త."

గుండ్లపోచంపల్లి దిక్కు పొలం అమ్మిననాడు దళారి చేతిల దెబ్బతిన్న మనిషాయె, ఊకుంటడా? ఇంటికి పోయి పరీక్ష పెట్టిండు. రోజారాణిని వంటింట్ల నిలబెట్టి ఫోన్ చేయించి, ఒకటి నుంచి నూరు దాక లెక్కవెట్టమన్నడు. అటెన్క సర్వే నంబర్లు చదువమన్నడు. రెండుసార్లు చేయించిండు. ఒక్క అంకె తక్కువ గాలే. ఇది తినేది లేదు ఏం లేదు, నెలనెలా దుకాణానికి రప్పిచ్చుకునేటందుకు ఇర్షాద్ అల్లిన మాట అని తేల్చుకున్నడు. దులిపించుడు జోలికి పోలే.

యాప్రాల్‌ల ఉండే చెల్లె వినోద ఆదివారం ఆదివారం ఫోన్ చేస్తది. ఆమె తీరు మారింది. మునుపు "అన్నా" అనకుండ మాట మొదలుపెట్టేది గాదు. ఇప్పుడు ఎత్తంగనే కాసేపు చప్పుడుండది, అటెన్క సీదా పని మాటే. బిడ్డ ఆమని లగ్గం బుధవారం. తొమ్మిదింటికల్ల రావాలె. ఒడిబియ్యం తేవాలె. పిలుపా ఇది, హుకుమా?

బిడ్డకు పెద్దింటి సంబంధం కుదిరింది, ఇగ అన్న కంటికి ఆనుతలేడు అనుకున్నడు. తోట మీద కన్ను పడ్డదా అనుకున్నడు. పదకొండేండ్ల కింద ఆమె కొత్తింటి గృహప్రవేశంనాడు తనను రెండో బంతిల కూసోబెట్టిన్రు, అది గూడ యాదికొచ్చింది. ఆయన దిక్కు నుంచి గూడ మాట తగ్గింది. ఊ, సరే, చూద్దాం. అంతే.

బిడ్డ లగ్గమప్పుడు తల్లి ఒడిల పుట్టింటోళ్లు పసుపు కలిపిన బియ్యం పోయాలె. వినోదకు పుట్టిల్లంటే ఇప్పుడు ఈ అన్న ఒక్కడే. ఆయన పోకుంటే వియ్యపోళ్ల ముంగట ఆమె ఒడి ఖాళీగ ఉంటది. అది ఎరుకుండి గూడ, మంగళారం పొద్దున లగ్గానికి పోనని కోడలికి చెప్పిండు.

"వినోదత్త ఏమన్నది మామా?" అన్నది రోజారాణి.

"ఏమంటలేదు. గదే నా బాధ."

ఆ పొద్దే కన్వర్టర్ ఫోనుకు నిలువకుండ జారిపడ్డది. చింతగింజంత ఉన్న దాని మూతి రేగుపండంత ఉబ్బింది. బరువుగున్నది. నాసి సరుకు అంటగట్టిండని, ఇయ్యాల ఇర్షాద్ సంగతి తేల్చాలని మేడ్చల్ బస్సెక్కిండు.

ఇర్షాద్ దాన్ని అరచేతిల తూచి చూసిండు. "నాలుగు నెలలాయె కాకా. ఒక్కపారి గూడ దులపలేదా?"

ఛార్జర్ కొననీకి వచ్చి నిలబడ్డ హజీరా అనే ఆమె, పిండిసంచి దులిపేకాడ జరిగినట్టు పక్కకు జరిగింది. ఇర్షాద్ అద్దం బల్ల మీద పేపరు పరిచి, కన్వర్టర్‌ను మూడుసార్లు తట్టిండు.

మొదలు "అన్నా" పడ్డది. వినోద గొంతే, పక్కన నిలబడి పిలిచినట్టు. అటెన్క ఇంకో "అన్నా". అటెన్క వరుసబెట్టి పడ్డయి. తిన్నవా అన్నా? మోకాలు ఎట్లున్నది? సలి మస్తున్నది, గట్టు మీద కూసోకు. ఆఖరుది పెద్దది, దొర్లుకుంట బల్ల అంచు దాక వచ్చింది. కృష్ణారావు చెయ్యి అడ్డం పెట్టిండు.

"నువ్వొస్తెనే నా ఒడి నిండుతదన్నా. నాకు ఇంకెవలున్నరు?"

"నూరు దాక లెక్కవెట్టిచ్చి చూసిన," అన్నడు కృష్ణారావు, ఎవలో అడిగినట్టు. "ఒక్కటి తినలే."

"లెక్కలు దానికి రుచి ఉండయి కాకా." ఇర్షాద్ కన్వర్టర్‌ను తిరగేసి పట్టుకున్నడు. "రెండు దిక్కుల తింటది ఇది. ఆగు, నీయి గూడ తీస్త."

తట్టిండు. మళ్ల తట్టిండు. వెలుగుకు పెట్టి లోపటికి చూసిండు.

"నీయి ఏం లేవు కాకా."

కృష్ణారావు ఫోను తీసి చెల్లె నంబరు దాక పోయి ఆగిండు. దులిపిన కన్వర్టర్ ఆకలి మీదుంటది. ఇప్పుడు ఏమన్నా మొదలు అదే తింటది. వైరు చుట్టి జేబుల పెట్టుకోని ఇంటికి పోయి, బియ్యంల పసుపు కలుపుమని కోడలికి చెప్పిండు.

బుధవారం తొమ్మిది గాకముందే యాప్రాల్‌ల చెల్లె గేటు కాడ ఉన్నడు. నలుగురి నడుమ దోసిళ్లతోని వినోద ఒడి నింపిండు. ఆఖరు దోసిలి పోస్తప్పుడు వంగి ఆమె చెవిల అడిగిండు. "తిన్నవా చెల్లె?"

"లేదన్నా," అన్నది. "నువ్వొచ్చినంక తిందామని."

ఇగ ఇర్షాద్ కలిపే ముక్క. మొదటి "అన్నా" పడంగనే కృష్ణారావు అద్దం బల్ల మీద తల ఆనిచ్చి ఏడ్చిండని దుకాణానికి వచ్చినోళ్లందరికీ చెప్తాండు. అది అబద్ధం. మాట ఏదన్నా కింద పడ్డదా అని వంగి చూసిండు, అంతే. మేడ్చల్ దిక్కు పోయేటోళ్లు ఎవలన్నా ఇర్షాద్‌తోని ఆ ఒక్క ముక్క సరిచేయించాలె.

"నీయి ఏం లేవు" అన్నది మాత్రం నిజం. దాన్ని అట్లనే ఉండనియ్యండి.