ముందు నోరు తెరిచినవాడు

బేరంలో ముందు నోరు తెరిచినవాడే ఓడతాడన్నది బట్టల వ్యాపారి నమ్మకం. ఇరవై ఏళ్లుగా కొట్టు నడుస్తున్నది ఆ ఒక్క సూత్రం మీదే. ధర చెప్పి ఊరుకుంటే ఎదుటివాడే గుటకలు మింగుతూ దారికొస్తాడు.

అందుకే పదహారేళ్ల కూతురు చిట్టి బడి మానేసి గదిలో తలుపేసుకున్నప్పుడు కూడా ఆయన ఊరుకున్నాడు. మూడు వారాలైంది. పిల్ల కంచంలో అన్నం కెలికి లేచిపోతోంది.

"బొమ్మలు గీసే కాలేజీలో చేరడానికి ఎత్తు వేసింది. నువ్వు బతిమాలావో, బేరం చెడుతుంది," అని భార్యను కట్టడి చేశాడు.

"అది కూతురండీ, కొనడానికొచ్చిన మనిషి కాదు," అందావిడ.

"నా రక్తమేగా. ఎవరు ముందు దిగుతారో చూద్దాం."

అన్నాడే గానీ, కాలు ఒకచోట నిలవడం లేదు. మడిచిన బట్టే మళ్లీ మడుస్తున్నాడు. కొలిచిన గుడ్డే మళ్లీ కొలుస్తున్నాడు. గడప దాకా వెళ్లి, ఎందుకొచ్చానా అని వెనక్కి తిరుగుతున్నాడు.

ఆ మధ్యాహ్నం ఒకామె పరదాల గుడ్డ బేరమాడుతుండగా పక్కింటి పిల్ల కొట్టు ముందు సైకిలు గంట కొట్టింది. నీలం సైకిలు. చిట్టిది.

"ఇది నీ దగ్గరికెలా వచ్చిందే?"

"అక్క ఇచ్చేసింది బాబాయ్! రంగుల పెట్టె కూడా. ఇంక తనకి అక్కర్లేదంట."

"బదులేం అడిగింది?"

"ఏమీ లేదు. జాగ్రత్తగా చూసుకోమంది."

గుడ్డ కొలుస్తున్న చెయ్యి సగంలో ఆగిపోయింది. బేరానికి దిగినవాడు సరుకును గుప్పిట్లో బిగిస్తాడు. ఊరికే పంచిపెట్టేది కొట్టు ఎత్తేసేవాడే.

"ఇంతకీ ఎంతకిస్తారు?" అంది పరదాలావిడ.

"రేపు రామ్మా," అంటూ చెప్పులైనా వేసుకోకుండా వీధిన పడ్డాడు.

ఇంటికొచ్చి గది తలుపు తట్టాడు. "చిట్టీ, నేనే. కాలేజీ సంగతి కాదు. ఏ సంగతీ కాదు. తలుపు తియ్యమ్మా."

ఎంతసేపటికో గడియ కదిలింది. పిల్ల జుట్టు దువ్వి ఎన్నాళ్లయిందో. ఆయన నేల మీదే చతికిలబడ్డాడు. మాట ఎలా మొదలెట్టాలో తెలియక, గుండెలో ఉన్నదే బయటపెట్టేశాడు.

"చచ్చిపోవాలనిపిస్తోందా తల్లీ?"

పిల్ల గోళ్లు గిల్లుకుంది.

"అప్పుడప్పుడు. పొద్దున లేస్తే గుండె దడ నాన్నా. బడి గేటు తలుచుకుంటే ఊపిరాడదు. తర్వాత అదీ ఉండదు, అంతా ఖాళీ. మీకు బరువైపోయాను."

"బరువా? నిన్ను తూచే కాటా ఎవడి దగ్గరుందే?"

నవ్వుతుందనుకున్నాడు. ఏడ్చింది. రాయిలా కూర్చోవడం కంటే అదే నయమనుకున్నాడు. గుమ్మంలో నిలబడ్డ భార్య అప్పటికే ఫోను చెవిన పెట్టుకుని, మనసుకు వైద్యం చేసే డాక్టరమ్మతో మాట్లాడుతోంది. సాయంత్రం రమ్మన్నారు. అప్పటిదాకా ఇద్దరూ పిల్లను ఒంటరిగా వదల్లేదు.

"ఎన్నాళ్ల నుంచి ఇలా?" అడిగింది డాక్టరమ్మ.

"మూడు వారాలండీ," అన్నాడు తండ్రి.

"ఎనిమిది నెలలు," అంది కూతురు.

ఆయన లెక్క అంత తప్పడం ఎన్నడూ లేదు. లేచి బయటికి పోవాలనిపించింది. పిల్ల ఇంకా చెబుతూనే ఉంది. కుర్చీ అంచు గట్టిగా పట్టుకుని వింటూ కూర్చుండిపోయాడు.