బిక్షమ్మ పాస్‌పోర్టు

1962లో నేను కువైటు నుంచి రెండు నెలల సెలవు మీద వచ్చాను. అక్కడ ఒక దవాఖానలో గాయాలకు కట్లు కట్టే పని నాది. ఆలేరులో రైలు దిగి మా ఊరికి నాలుగు మైళ్లు నడిచేసరికి నా తెల్ల బూట్లు దుమ్ముకొట్టుకుపోయాయి. అయినా వాడలో అందరూ వాటినే చూశారు, నేను కూడా అందరూ చూసేదాకా విప్పలేదు.

వచ్చింది చుట్టపు చూపుకు కాదు. నా భార్య బిక్షమ్మను వెంట తీసుకుపోవడానికి వచ్చాను. పెళ్లయి ఆరేళ్లు. కలిసి బతికింది మాత్రం అన్నీ కూడితే ఐదు నెలలు. సంసారం ఉన్నవాళ్లకిచ్చే రెండు గదుల ఇల్లు దవాఖాన వాళ్లు ఈసారి నా పేరున రాశారు. ఆమె నాతో రాకపోతే అది ఇంకొకరికి పోతుంది. ఆమె పాస్‌పోర్టు కోసం పోలీసుల తనిఖీ కాగితం మద్రాసు పాస్‌పోర్టు ఆఫీసుకు పోవాలి. ఇక అదొక్కటే మిగిలింది అనుకున్నాను. అదొక్కటే కొండంత.

పదో రోజున ఊరి కావలికారు గాలయ్య మా మాదిగవాడ మొదట్లో నిలబడి కేకేశాడు.

"ఏ ఇస్రాయేలూ! జమేదారు సాబ్ వచ్చిండు. చావడికి రమ్మంటుండు."

చావడి అరుగు మీద పోలీసు జమేదారు కుర్చీలో ఉన్నాడు. పక్కన ఊరి లెక్కలు రాసే పట్వారి, ఇంకో నలుగురు పెద్దమనుషులు. నేను కింద ఎండలో. కువైటులో డాక్టరు నన్ను కుర్చీలో కూర్చోబెట్టి మాట్లాడేవాడు. ఇక్కడ నా కాళ్లు పాత జాగా మరిచిపోలేదు. ఎక్కడ ఆగాలో అక్కడ వాటంతట అవే ఆగాయి. నాకు నా కాళ్ల మీదే కోపం వచ్చింది.

"బిక్షమ్మ నీ పెండ్లామేనారా?"

"అవును సార్."

'దొరా' అననందుకు పట్వారి మొహం చిట్లించాడు.

"సరే పో. మిగతాది గాలయ్య చెప్తడు."

"సార్, ఇల్లు చూసి రాయాలని కాగితంల ఉన్నది. ఒక్కపారి మా ఇంటికి రాండ్రి."

అరుగు మీద అందరూ నవ్వారు. జమేదారు అందరికంటే ఎక్కువ నవ్వాడు. "మీ వాడకా? నేనా?" అన్నాడు.

తిరిగి వస్తుంటే గాలయ్య నా పక్కన నడుస్తూ చెప్పాడు. "యాభై. నా చేతికియ్యి, నేను ముట్టజెప్త."

నేను ఇవ్వలేదు. వారం ఆగి, ఏడు మైళ్లు నడిచి ఠాణాకు పోయాను. జమేదారు నవ్వుతూ కాగితం చూపించాడు. 'ఇల్లు తాళము వేసి యున్నది' అని రాసి ఉంది. మా వాడలో అప్పుడు ముప్పై రెండు ఇళ్లు. సగం వాటికి తడికలే, తలుపులు లేవు. తాళం కప్ప అనే వస్తువు మా వాడ ఎరగదు.

"ఇది అబద్ధం సార్!" అని అరిచాను.

"ఇంక పంపలేదు లే. దిద్దొచ్చు. ఎట్ల దిద్దాల్నో గాలయ్య చెప్పిండు గద" అన్నాడు.

ఇంటికి వచ్చి కలెక్టరుకు అర్జీ పెడతానన్నాను, మంత్రికి పెడతానన్నాను. బిక్షమ్మ జొన్నలు చెరుగుతూ అంతా విన్నది.

"నీ అర్జీ హైదరాబాదు పోయి వచ్చేసరికి నీ ఓడ పోతది."

"లంచమిచ్చి తల వంచుమంటవా?"

"నీ తల సంగతి నాకెందుకు? ఆరేండ్లు ఒక్కదాన్నే పండుకున్న గీ ఇంట్ల. జరమొస్తే మీ అక్క గంజి పోసింది. నీ నీతి పోసిందా?"

అక్క బాలనర్సమ్మ పక్కింట్లోనే ఉంటుంది, ఆ మాటలు వినే ఉంటుంది. సిగ్గుతో యాభై రూపాయలు తీసి బిక్షమ్మ చేతిలో పెట్టాను. గాలయ్యకు ఇస్తుందనుకున్నాను.

నాలుగు రోజులకు జమేదారు మళ్లీ చావడికి వచ్చాడు. బిక్షమ్మ తనే పోయింది. నేను వెనకాల పోయాను.

"బాంచెన్ దొరా, జర పక్కకు రాండ్రి" అన్నది. ఆయన అరుగు చివరికి వచ్చాడు. ఆమె గొంతు తగ్గించింది. "పైసలు తయారున్నయ్. గాలయ్య చేతికియ్య. నడుమ పది తగ్గితే నేనే తక్కువిచ్చిన్నంటరు. గీ నల్గురి ముందట ఇయ్యమంటే ఇప్పుడే ఇస్త."

జమేదారు పట్వారి వైపు చూశాడు. పట్వారి కంట పడితే అతనికీ వాటా పెట్టాలి. గాలయ్య వైపు చూశాడు. గాలయ్య నేల చూశాడు.

"మరి ఏడ ఇస్తవ్?"

"మా ఇంట్ల గూట్ల పెట్టిన. వచ్చి తీస్కోండ్రి. మా వాడల మిమ్ముల చూసే మనుషులెవరు దొరా?"

ఆయన కూడా సరిగ్గా అలాగే అనుకున్నట్టుంది. అరుగు దిగి వచ్చాడు.

వాడంతా వాకిళ్లలోకి వచ్చింది. మా గుమ్మం నడుమెత్తు. జమేదారు టోపీ తీసి చేత పట్టుకుని, నడుము వంచి, లోపలికి దూరాడు. బిక్షమ్మ చాప పరిచింది గాని కూర్చోలేదు. గూట్లో చెయ్యి పెట్టి నోట్లు తీసుకున్నాడు.

"ఇగ ఇల్లు చూసిండ్రు గద దొరా. గట్లనే రాయుండ్రి."

నా పెట్టె మీద కాగితం పెట్టి నిలబడే రాశాడు. రాస్తూ ఇంట్లోకి, వాకిట్లోకి, పక్కిళ్ల వైపు చూశాడు. సిగ్గుపడుతున్నాడనుకున్నాను.

ఆ సాయంత్రం వాడలో ఒకటే నవ్వు. ఎదురింటి జానయ్య తలపాగా చేతిలో పట్టుకుని, నడుము వంచి, ఇంటింటి గుమ్మంలో దూరి చూపించాడు. నేనైతే గాల్లో తేలాను. లంచమిచ్చింది నేనే, గెలిచిందీ నేనే అనిపించింది. నా పెళ్లాం పోలీసోడి నడుము వంచింది!

పాస్‌పోర్టు ఇరవై ఐదు రోజులకు వచ్చింది. ఈలోపల జమేదారు మా వాడకు రెండుసార్లు వచ్చాడు. గాలయ్య లేడు, కేక లేదు, నేరుగా వచ్చాడు. మొదటిసారి జానయ్య ఇంట్లో ఇత్తడి బిందె చూసి, ఎక్కడ దొంగిలించావురా అని అడిగి, రెండు కోళ్లు పట్టుకుపోయాడు. రెండోసారి అక్క మేకను పట్టుకుపోయాడు. చూలు మేక. నేను అడ్డం పోబోతే బిక్షమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఓడకు ఇంకా తొమ్మిది రోజులుంది. నేను ఆగిపోయాను.

ఆలేరు స్టేషనుకు మా పెట్టె అక్కే మోసుకొచ్చింది. వద్దంటే వినలేదు. బండికి సిగ్నలు పడ్డాక అక్క చేతిలోని పెట్టె అందుకున్నాను.

"అక్కా, పోంగనే మేక పైసలు పంపుత."

"పంపకు తమ్మీ" అన్నది అక్క. కోపం లేదు గొంతులో. "ముట్టద్దని జమేదారు మా వాడకు రాకపోతుండె. గప్పుడు మా కోళ్లన్న మాకుండె. నువ్వు పైసలు పంపినవని తెలిస్తే వాటికీ వస్తడు. ఇల్లు ఎరుకైంది గద."