ఇద్దరికి ఇద్దరు కలిస్తే

పుష్ప పటంలోని మామిడికాయల మీద వేలు పెట్టి పిల్లల చేత లెక్కబెట్టిస్తోంది. ఈవైపు రెండు, ఆవైపు మూడు, కలిపితే ఐదు. ఇస్నాపూర్ అంగన్‌వాడీ అంతా ఒకటే గోల. లెక్క ముగిసిన ప్రతిసారీ ఆమె కాలుగాలిన పిల్లిలా గుమ్మందాకా వెళ్లి, రోడ్డు చూసి వస్తోంది.

భర్త దశరథ్ రాత్రి డ్యూటీ దిగి వచ్చే వేళకే ఆమె బయలుదేరుతుంది. గుమ్మంలో తాళంచెవి చేతులు మారుతుంది. వాళ్ల కాపురమంతా ఆ గుమ్మంలోనే గడిచిపోయింది. ఏళ్ల తరబడి బతిమాలితే, రేపటినుంచి అతనికి పగటి డ్యూటీ ఇచ్చారు. రాత్రిళ్లు ఇక ఇద్దరూ ఇంట్లోనే. తల నెరిశాక ఆమెకు కొత్తపెళ్లికూతురి సిగ్గు పట్టుకుంది. తీరా ఇవాళ పొద్దున అతను రానేలేదు. ఫోను ఎత్తడం లేదు. తాళంచెవి పక్కింటి ఇందిరమ్మకిచ్చి వచ్చింది.

పటం తిప్పింది. ఇంట్లో ఇద్దరు మనుషులు, గుమ్మం దగ్గర మరో ఇద్దరు.

"వీళ్లు గూడ లోపలికొస్తే ఎంతమంది, తనుశ్రీ?"

"ఇద్దరు."

"సక్కగ సూడు బిడ్డా."

"ఇద్దరే టీచర్. వీళ్లొస్తే వాళ్లు డ్యూటీకి పోతరు గద."

మిగతా పిల్లలూ అవునన్నట్టు తలలూపారు. అందరివీ కిరాయి గదులే. ఒకరు లేచిన పక్కమీదే ఇంకొకరు పడుకుంటారు. పుష్పకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"మా ఇంట్ల ఇగ గట్ల కాదు బిడ్డా," అంది. "ఒకరికి ఒకరు కలిస్తే ఇద్దరు."

కాసేపటికి దశరథ్‌తో పనిచేసే జైపాల్ వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు. చంకలో ఏదో మూట.

"వదినా, అన్న కంపెనీ బస్సుల నిద్రపోతుండనుకున్నరు అందరు. ముందల కూసున్న నేను గూడ సూస్కోలే. షెడ్డుకు పోయినంక డ్రైవర్ లేపిండు. లేవలే." అతను మూటను రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. "దవాఖానకు తీస్కపోయినం. పానం ఎప్పుడో పోయిందన్నరు."

పుష్ప ఏడవలేదు. మూటవైపు చూసింది.

"రాత్రి డ్యూటీకొచ్చేటప్పుడు అన్ననే కొన్నడు వదినా. ఇగ ఇద్దరం ఇంట్ల పండుకుంటం, ఒక్క మెత్త సాలదన్నడు."

ఆయా ముత్యమ్మకు పిల్లలను అప్పజెప్పి, ఆమె చెప్పులైనా వేసుకోకుండా అతని వెంట నడిచింది. గుమ్మం పక్కన బల్లమీద జైపాల్ దించిన, కవరైనా విప్పని కొత్త దిండు ఉండిపోయింది.