పదిహేను కిలోల నియమం

కాటా అబద్ధమాడితే నాకు వినిపిస్తుంది. గొప్ప కోసం చెప్పడం లేదు. ఏడో తరగతిలో బడి వదిలి మేనమామ షాపులో కాటాలు విప్పడం మొదలుపెట్టాను. నలభై ఏళ్లుగా అదే పని. వేలితో పళ్లెం నొక్కేవాడు, రాయి అడుగు తొలిచేవాడు, ముల్లుకి గ్రీజు పూసేవాడు, అందరూ నా దగ్గరికే వచ్చి కాటా బాగుచేయమంటారు. మనుషుల మీద నాకు గౌరవం లేకపోతే తప్పు నాది కాదు, వృత్తిది.

మా అక్క ప్రసూతి ఆసుపత్రిలో నర్సు. ముప్ఫయ్యేళ్లు పుట్టిన బిడ్డల్ని తూచింది. బిడ్డని కాటా మీద పెట్టకముందే చేతిలోకి తీసుకుని "రెండు తొమ్మిది వందలు" అనేది. ముల్లు తిరిగి తిరిగి ఆమె చెప్పిన చోటే ఆగేది. ఆ కాటాకి సర్వీసు నాదే కాబట్టి ముల్లు తప్పయ్యే అవకాశం లేదు. పెళ్లి మాటెత్తితే "ఊళ్లో పిల్లలందరినీ మొదట ఎత్తుకున్నది నేనే, ఇంకా ఎందుకు?" అని కొట్టిపారేసేది. రిటైరయ్యేనాటికి మాత్రం మూడు ప్రాణుల్ని నెత్తిన పెట్టుకుంది. ఆసుపత్రి బట్టలారేసే పెరట్లో దొరికిన కుక్క, దాని పేరు దొర. పనీపాటా లేకుండా సోఫా మీద కూర్చుని అందరి మీదా మొరుగుతుంది కాబట్టి ఆ పేరు నేనే పెట్టాను. రెండు పిల్లులు, పొట్టిది ఒకటి, కుంటోడు ఒకడు.

అక్క ఉండేది నాలుగో అంతస్తు. అక్కడి లిఫ్టు ఏడాది నుంచి 'మరమ్మతులో ఉంది' అనే బోర్డుని మోస్తోంది తప్ప మనుషుల్ని మోయడం లేదు. దొరకి పదకొండేళ్లు, వెనక కాళ్లు పట్టేశాయి. అందుకని అరవై మూడేళ్ల అక్క, అరిగిన మోకాళ్లతో, దాన్ని చంకనెత్తుకుని రోజుకి రెండుసార్లు నాలుగంతస్తులు దిగి ఎక్కుతుంది. పోయిన నెల రెండో అంతస్తు మలుపులో కుక్కతో సహా జారింది. కుక్కకి ఏమీ కాలేదు. అక్క ముంజేతికి పట్టీ పడింది.

"ఇంక చాలు," అన్నాను. "రిటైరైన వాళ్లకి కట్టిన ఇళ్లున్నాయి. కింద గది, పక్కన డాక్టరు. పోదాం."

"ముగ్గుర్నీ రానిస్తే వస్తాను. ఒక్కదాన్ని వదలమన్నా రాను. మెట్ల మీదే పోతాను."

అక్క ఒక మాట అంటే అంతే. అక్కణ్నుంచి మొదలైంది నా కర్మ.

మొదటి చోట వాళ్ల ప్రచార పుస్తకం అట్ట మీద తెల్లజుట్టు దంపతులు, పచ్చిక, పచ్చిక మీద నవ్వుతున్న కుక్క. ఆ కుక్కని చూసే వెళ్లాం. కౌంటర్లో అమ్మాయి "ఇక్కడ పెంపుడు జంతువులకి అనుమతి లేదండీ," అంది.

"మరి ఇదేమిటి?" అని అట్ట చూపించాను.

"అది ఫొటో కోసం అద్దెకి తెచ్చింది సార్."

"ఆ ముసలాళ్లో?"

"వాళ్లూ అంతే సార్."

రెండో చోట ఒకటే జంతువట, చేపలైతే ఎన్నైనా. "చేపని ఒళ్లో పెట్టుకుని టీవీ చూడమంటావా నాయనా?" అని అక్క అడిగితే ఆ మనిషి నిజంగానే ఆలోచించాడు. మూడో చోట ఎన్నింటినైనా రానిస్తారు, కానీ వెనకాల బోన్లలో పెడతారు. సాయంత్రం నాలుగు నుంచి ఐదు వరకు వెళ్లి చూసుకోవచ్చు. అక్క లేచి నిలబడింది. "విజిటింగ్ అవర్స్ సంగతి నాకు చెప్పకు. ముప్ఫయ్యేళ్లు నేను చెప్పి జనాన్ని ఏడిపించినదాన్ని," అని బయటికి నడిచింది. నాలుగో చోట కుక్కకి ఇంటర్వ్యూ చేశారు. ముగ్గురు మనుషులు బల్ల వెనక కూర్చుని దొరని కూర్చోమన్నారు. అది కూర్చోలేదు. వాళ్ల దగ్గర కూర్చోవడానికి నాకే మనసొప్పలేదు, దానికెలా ఒప్పుతుంది?

ఐదోది ఊరి చివర. శుభ్రంగా ఉంది, గదులన్నీ నేల మీదే, ప్రతి గుమ్మానికీ చిన్న వాలు. ఎన్ని జంతువులైనా ఉండొచ్చు, మొత్తం బరువు మాత్రం పదిహేను కిలోలు దాటకూడదు. అదీ నియమం. ఏటా ఒకసారి అందరివీ తూస్తారట.

"పదిహేనే ఎందుకు?" అని అడిగాను.

మేనేజరు మెడకి గట్టిగా బిగించిన టై, ఆ బిగింపుకి మొహం ఎర్రబడి ఉంటుంది. "మా నివాసుల సంఘం అధ్యక్షులవారు శాస్త్రీయంగా నిర్ణయించారు సార్. వారు మాజీ హెడ్మాస్టరు."

అక్కడే నాకు అర్థం కావాల్సింది. హెడ్మాస్టర్లు శాస్త్రీయంగా ఏం నిర్ణయిస్తారో నాకు తెలుసు. నన్ను బళ్లోంచి పంపేటప్పుడు కూడా ఒకాయన శాస్త్రీయంగానే నిర్ణయించాడు.

తూకానికి మమ్మల్ని లాండ్రీ గదికి తీసుకెళ్లారు. మూలన నేల కాటా, గుండ్రటి డయలు, మాసిన బట్టల మూటలు తూచేది. కింద గచ్చు ఒక పక్కకి వాలి ఉంది. నాలుగు కాళ్లలో ఒకటి గాల్లో ఉంది. చూడగానే నాకు ఒళ్లు మండింది. అయినా పళ్లు బిగబట్టి ఊరుకున్నాను. అక్క దొరని ఎక్కించింది. పలక కింద 'కిర్' మంది. ముల్లు ఎనిమిదిన్నర దగ్గర ఆగింది.

దొర పది కిలోలు. అది నాకూ తెలుసు, అక్కకీ తెలుసు. ముఖ్యంగా అక్కకి తెలుసు.

"ఆగండి," అన్నాను. "ఈ కాటా తప్పు."

అక్క దగ్గింది. నేను భుజం మీది పనిముట్ల సంచీ దించాను.

"ఒరేయ్, మనకెందుకురా? వాళ్ల కాటా వాళ్లిష్టం," అంది, నా కాలు తొక్కుతూ.

"ఇష్టమేమిటే? కాటాకి ఇష్టాయిష్టాలుంటాయా? బరువుంటుంది, అంతే."

"మీరు కాటా మెకానిక్కా సార్?" అన్నాడు టై, సంబరంగా. "మేం పిలవాలనే అనుకుంటున్నాం."

ఏళ్ల తరబడి అనుకుంటూనే ఉన్నట్టున్నాడు. నేను పని మొదలుపెడితే నాకు చెవులు పనిచేయవు. పలక ఎత్తాను. పలకకీ చట్రానికీ మధ్య నీలం రంగు ప్లాస్టిక్ బట్టల క్లిప్పు ఇరుక్కుని ఉంది. ఎక్కిన బరువులో కొంత అది మోస్తోంది, మిగిలిందే ముల్లు చూపిస్తోంది. దాని మీద పేరుకున్న మురికి చూస్తే ఎన్నేళ్ల నుంచి మోస్తోందో అనిపించింది. పీకి జేబులో వేసుకున్నాను. కాళ్ల మరలు తిప్పి సమానం చేశాను, ముల్లుని సున్నాకి తెచ్చాను. మళ్లీ ఏ చెత్తా దూరకుండా చట్రం చుట్టూ రేకు పట్టీ బిగించి, తీగ చుట్టి, నా నంబరున్న సీసం సీలు నొక్కాను. తేదీ కార్డు కట్టాను. ఇరవై నిమిషాల పని. డబ్బులు కూడా తీసుకోలేదు. తలెత్తి చూస్తే అక్క గోడకానుకుని, కుంటోణ్ని గుండెకి హత్తుకుని, నన్నే చూస్తోంది. ఆసుపత్రిలో సూది మందు తప్పుగా ఇచ్చిన కొత్త నర్సుల్ని అలా చూసేది.

"ఇప్పుడు ఎక్కించు," అన్నాను.

దొర పది. పొట్టిది మూడు రెండు వందలు. కుంటోడు మూడు ఆరు వందలు. మొత్తం పదహారు ఎనిమిది వందలు.

టై చాలా విచారించాడు. టైలో ఉన్నవాళ్ల విచారం అరనిమిషం ఉంటుంది. "దాదాపు రెండు కిలోలు ఎక్కువ మేడమ్. ఏదో ఒక పిల్లిని ఎవరికైనా ఇచ్చేయండి. గది పదిహేను రోజులు మీ పేరు మీదే ఉంచుతాం."

తిరిగొచ్చేటప్పుడు నా వ్యానులో అక్క దొరని ఒళ్లోకి లాక్కుంది. తర్వాత మొదలుపెట్టింది.

"ఎనిమిదిన్నర దగ్గర ముల్లు ఆగినప్పుడే నేను లెక్కేశాను. ముగ్గురూ కలిపి పద్నాలుగుంపావు దగ్గర ఆగేది. ఒక్క నిమిషం, ఒరేయ్, ఒక్క నిమిషం చేతులు ముడుచుకుని నిలబడలేకపోయావా?"

"అది తప్పు కాటా అక్కా."

"అవునవును. లోకంలో తప్పులన్నీ దిద్దేశావు, ఆ కాటా ఒక్కటే మిగిలింది. బోర్డు తగిలించుకుని నిలబడిపోయింది మా లిఫ్టు, దాన్ని దిద్దు. నా మోకాళ్లు దిద్దు. ఎవర్ని ఇచ్చేయమంటావు? కుంటోణ్నా? మూడు కాళ్లతో వాణ్ని ఎవడు తీసుకుంటాడు, నువ్వా?"

నాకు పిల్లులంటే తుమ్ములు. పైగా ఆవిడ చెప్పింది నిజం. నలభై ఏళ్లలో నా పనికి సిగ్గుపడింది ఆ రోజు ఒక్కటే.

తర్వాత పది రోజులు అక్క దొరకి తిండి తగ్గించింది. రెండు వందల గ్రాములు తగ్గింది. అది ఆకలితో సోఫా చింపింది. అక్క దాని బొచ్చు గొరిగించింది, ఇంకో మూడు వందలు. మిగతా కిలో మూడొందలు దాని ఒంట్లోంచి రావాలంటే ఎముకలు తీయాల్సిందే. పన్నెండో రోజు అక్క గిన్నె నిండా అన్నం పెట్టి "తినరా దొరా, మెట్లున్నాయిగా మనకి," అంది. నేనక్కడే ఉన్నాను. ఆ మాట దొరకి కాదు.

పదమూడో రోజు పొద్దున్నే టై నా షాపుకొచ్చాడు. మెడకి టై వదులుగా ఉంది. ఏళ్ల తర్వాత మొదటిసారి గాలి ఆడినట్టు, మొహం ఎరుపు పోయి తెల్లబడింది.

"సార్, మీ దగ్గర ఆ క్లిప్పు ఉందా?"

"ఏ క్లిప్పు?"

"నీలం రంగుది సార్. కాటాలోంచి తీశారు కదా."

"పెన్నుల డబ్బాలో ఉంది. ఏం?"

స్టూలు మీద కూలబడ్డాడు. నిన్న వార్షిక తూకం జరిగిందట. అధ్యక్షులవారికి ముద్దొచ్చే బుల్‌డాగ్ ఉందట. ఆరేళ్లుగా ఏటా పద్నాలుగు ఎనిమిది వందలు తూగేది. నిన్న పదిహేడు నాలుగు వందలు తూగింది. అధ్యక్షులవారు మూడుసార్లు ఎక్కించారు. మూడోసారి కుక్క అలిగి కాటా మీదే పడుకుంది.

అప్పుడు నాకు శాస్త్రీయం అంటే ఏమిటో తెలిసింది. ముందు కుక్కని తూచి, తర్వాత నియమం రాశారు. పద్నాలుగు ఎనిమిది వందలు వచ్చింది కాబట్టి పదిహేను. కుక్క పన్నెండు తూగి ఉంటే నియమం పదమూడయ్యేది. అబద్ధం చెప్పే కాటా మీద కుక్కని నిలబెట్టి, దాని కొలతకి లోకానికంతా చొక్కా కుట్టారు.

"ఆ క్లిప్పు మళ్లీ పెట్టేయండి సార్. మునుపు ఉన్నట్టే. పాతికేళ్లు బడి నడిపిన మనిషి, నిన్నటి నుంచి అన్నం తినలేదు."

"కుక్క తిందా?"

"తింది సార్."

"సీలు వేశాను కదయ్యా. దాని మీద నా నంబరుంది. నేను విప్పి తప్పు తూకానికి మళ్లీ సీలేస్తే నా లైసెన్సు పోతుంది. మీరు విప్పితే తూనికల శాఖ వాళ్లకి మీ హెడ్మాస్టరే సంజాయిషీ రాయాలి. దస్తూరీ బాగుంటుందిలే, రాయమను."

"మరేం చేయమంటారు?"

"కుక్కని ఎవరికైనా ఇచ్చేయమను. పదిహేను రోజులు గడువివ్వు."

అతను నా వైపు చూసిన చూపు నాకు కడుపు నింపింది. పొద్దున టిఫిను కూడా మానేశాను.

సాయంత్రానికి సంఘం అత్యవసర సమావేశం. మర్నాడు అక్కకి ఉత్తరం. 'మూగజీవాల సంక్షేమాన్ని, ఆధునిక పరిశోధనలను దృష్టిలో ఉంచుకుని' మొత్తం బరువుని పద్దెనిమిది కిలోలకి పెంచడమైనదట. పరిశోధన చేసింది నీలం క్లిప్పు. అక్కకి వాళ్లు ఇవ్వనిది, బుల్‌డాగ్‌కి ఒక్క పూటలో ఇచ్చారు. మేం దాని వెనక దూరి లోపలికి పోయాం.

వారంలో అక్క సామాను దించాను. దొర వాలు మీదుగా తన కాళ్లతో తనే గదిలోకి నడిచాడు. అక్క గుమ్మంలో నిలబడి చాలాసేపు ఆ వాలునే చూసింది. మెట్టు లేదు.

"ఏమంటావు?" అన్నాను. "చివరికి నా కాటా వల్లే కదా."

"నీ కాటా వల్ల కాదు, ఆ బడుద్ధాయి కుక్క వల్ల. నువ్వు మాత్రం వెధవ పనే చేశావు. ఆ మంచం ఇటు జరుపు."

అప్పుడే వరండాలోకి అధ్యక్షులవారు వచ్చారు. ఇస్త్రీ చొక్కా, చేతిలో గొలుసు, గొలుసు చివర ముద్ద లాంటి కుక్క. నన్ను గుర్తుపట్టనట్టు నటించారు. అక్కతో, "కొత్తగా వచ్చారు కదమ్మా. బరువు విషయంలో ఇక్కడ మేం చాలా కచ్చితంగా ఉంటాం. క్రమశిక్షణ ముఖ్యం," అన్నారు.

అక్క వంగి, మోకాళ్లు పటపటమంటున్నా, ఆ కుక్కని రెండు చేతులతో బిడ్డని ఎత్తినట్టు ఎత్తింది. ఒక్కసారి పైకి కిందికి ఆడించి దింపింది.

"పద్దెనిమిది రెండు వందలు," అంది. "బిస్కెట్లు తగ్గించండి మాస్టారూ."

ఆయన మొహం చూడాలి. కుక్కని లాక్కుంటూ లాండ్రీ గది వైపు వెళ్లారు, కాస్త తొందరగానే.

టై మళ్లీ నా షాపుకొస్తాడు, నాకు తెలుసు. క్లిప్పు పెన్నుల డబ్బాలోనే ఉంది. ఇవ్వను.