తవుడు బేరం

నేను ఇటలీ చూడలేదు. ఈ ముక్క ముందే చెప్పేస్తే మంచిది. చివర్లో ఏ స్టీమరో వచ్చి నన్ను ఎక్కించుకుపోతుందని మీరు ఆశ పెట్టుకుంటే ఆ పాపం నాకెందుకు? కానీ ఫ్లారెన్సు ఊళ్ళో నది మీద పాత వంతెన దాటి ఎటు తిరిగితే పెద్ద చర్చి వస్తుందో ఇవాళ్టికీ కళ్ళు మూసుకుని చెప్పగలను. పుట్టి పెరిగిన రంగూన్‌లో, మా మింగళ తౌంగ్‌న్యున్ సందుల్లోనే అప్పుడప్పుడు దారి తప్పుతుంటాను.

పంతొమ్మిదివందల ఇరవై ఆరు. మా కాలేజీలో చరిత్ర చెప్పే ఫెర్గసన్ దొర యుద్ధంలో ఇటలీ కొండల్లో పోరాడినవాడు. కాలికి గుండు తగిలి అక్కడి ఆసుపత్రిలో ఎనిమిది నెలలు పడుకుని, లేచాక కుంటుకుంటూ చుట్టుపక్కల చర్చిలన్నీ తిరిగాడట. శుక్రవారం మధ్యాహ్నాలు క్లాసు కిటికీలు మూయించి, మ్యాజిక్ లాంతరు వెలిగించి, గోడకు కట్టిన దుప్పటి మీద ఆ ఊళ్ళ బొమ్మలు చూపించేవాడు. ఉక్కపోతకు మిగతా పిల్లలు కునుకు తీసేవారు. నేను మాత్రం చీకట్లోనే కాగితం మీద గీసుకునేవాణ్ణి. బొమ్మల్లో ఆ మనుషుల చేతులు నాకు ముఖాల కన్నా బాగుండేవి.

ఆ ఏడు వానలు వెనకబట్టాక విద్యాయాత్ర అన్నారు. ఎనిమిదిమంది విద్యార్థులు దొరతో కలిసి కొలంబో మీదుగా నేపుల్స్‌లో దిగి, రోము, ఫ్లారెన్సు, వెనిసు చూసి, చూసినవన్నీ గీసి, రాసి, నాలుగు నెలల్లో తిరిగి రావాలి. రానూపోనూ ఖర్చు కాలేజీదే. ఏడుగురు బారిస్టర్ల కొడుకులూ మిల్లు యజమానుల కొడుకులూ. ఎనిమిదోవాణ్ణి నేను, తవిటయ్యను. ఓడరేవులో బస్తాలు మోసి, ఓడకు వేసిన పలక మీంచి జారిపడి చనిపోయిన కూర్మనాథం కొడుకుని. పజౌండౌంగ్ కాలవ ఒడ్డున బియ్యం మిల్లులో నూకలు చెరిగే అప్పలమ్మ కొడుకుని.

ఇలా రాయడం ఇప్పుడు తేలిక. అప్పట్లో ఈ రెండు మాటలూ ఎవరూ పైకి అనేవారు కారు. నేనూ అనేవాణ్ణి కాను. కన్నతల్లిని నేను పంతొమ్మిదేళ్ళు 'అత్తా' అనే పిలిచాను.

మా పెద్దలది గంజాం జిల్లా టెక్కలి వైపు. పుట్టిన పిల్లలు పుట్టినట్టే పోతుంటే, ఆ తర్వాత పుట్టినవాణ్ణి పక్కింటివాళ్ళకు చేటెడు తవుడుకి అమ్మేయడం అక్కడి ఆచారం. వాళ్ళు తవుడు పోస్తారు, తల్లి కొంగు పట్టి తీసుకుంటుంది. అంతటితో బిడ్డ వాళ్ళవాడు. ఉండేది తల్లి దగ్గరే, తాగేది తల్లి పాలే. కానీ నోరు తెరిచి నావాడు అనకూడదు. అంటే, ఎక్కడో చెవులు రిక్కించుకుని కూర్చున్న మృత్యువు వింటుంది. నా ముందు ముగ్గురు పోయారు. మూడోవాణ్ణి మా నాన్న ఒక పండగనాడు భుజానెక్కించుకుని, "సూడండిరా, నా కొడుకు!" అని రేవంతా తిప్పాడట. ఎనిమిది రోజుల్లో ఆ పిల్లాడు లేడు.

అందుకని నన్ను పక్క గదిలో ఉండే జోగి, సింహాచలమ్మ అనే దంపతులకు అమ్మారు. నా పేరు కూడా ఆ తవుడులోంచి వచ్చిందే. తమాషా ఏమిటంటే రంగూన్‌లో తవుడంత చవకది మరొకటి లేదు. మిల్లులవాళ్ళు ఊకతో పాటు కాలవలోకి తోసేసేవారు. మృత్యువుకి ఈ సంగతి తెలియదని మావాళ్ళ ధీమా.

అంతవరకూ ఎవరికీ నష్టం లేదు. మా వాళ్ళు చేసిన పొరపాటల్లా బేరాన్ని మున్సిపాలిటీ పుస్తకం దాకా తీసుకుపోవడం. ఊళ్ళో అయితే పుస్తకమూ లేదు, గుమాస్తా లేడు. ఇక్కడ పుట్టుక రాయించాలి. రాయించడానికి వెళ్ళిన మా కూలీల మేస్త్రీ బంగారయ్య, తండ్రి జోగి అనీ తల్లి సింహాచలమ్మ అనీ రాయించాడు. అబద్ధం చెప్పాననుకోలేదు పాపం. అమ్ముడుపోయిన బిడ్డను అమ్మినవాళ్ళ పేరున రాయిస్తే బేరం చెడదా?

పాస్‌పోర్టు కోసం వెళ్తే ఆ పుస్తకమే తీశారు. నాకు ఇరవై ఒకటి నిండలేదు గనక తల్లో తండ్రో మేజిస్ట్రేటు ముందు ప్రమాణం చేసి ఒప్పుకోవాలి. జోగి, సింహాచలమ్మ ఇద్దరూ పద్దెనిమిదిలో వచ్చిన ఇన్‌ఫ్లుయెంజాలో ఒకే వారంలో పోయారు. కోర్టు చేత సంరక్షకుణ్ణి వేయించుకోవాలంటే ఆరు నెలలు. స్టీమరు ఐదు వారాల్లో ఉంది. కోర్టు దుబాసీ జగదీశ్వరరావు గారు మా వైపు మనిషే, విశాఖపట్నం ఆయన. నా పేరు వినగానే సంగతంతా అర్థమైపోయింది ఆయనకు.

"కన్నతల్లి ఉంది కదా. వచ్చి, వీడు నా కొడుకు అని ఒక్క మాట ప్రమాణంగా చెప్పమను. పుస్తకంలో తప్పు దిద్దుతారు, కాగితం చేతికిస్తారు. నాలుగు రోజుల పని" అన్నారు.

ఒక్క మాట. నేను ఎగురుకుంటూ ఇంటికి పోయాను.

ఆమె మిల్లు నుంచి వచ్చి తలకు అంటిన దుమ్ము దులుపుకుంటోంది. సంగతంతా చెప్పాను. చేతులు ఆగిపోయాయి.

"ఎల్లు. ఎల్లొద్దని నానన్నానేటి? ఏ దేసమైనా ఎల్లు. ఆ మాట మాత్రం నా నోట రాదు."

"ఆ మాట చెప్పకపోతే వెళ్ళడానికి లేదత్తా."

"అయితే మానీ."

"అదంతా పిచ్చి. పిల్లలు చచ్చింది మశూచికంతో. నీ మాటతో కాదు."

"నువ్వు సదువుకున్నోడివి, నీకు తెలుసు. నాను కన్నదాన్ని. మీ అయ్య నువ్వు పెద్ద పరీచ్చ పేసయినావని రేవుకెల్లి అందరితోటీ నా కొడుకు, నా కొడుకు అన్నాడు. వోరం తిరక్కుండా పలక మీంచి పడ్డాడు. నీకు రావలసింది ఆడు మోసుకుపోనాడు. ఇంక మొయ్యడానికి ఎవుడున్నాడు? నానున్నాను. నాను పోతే పోనాను. గురి తప్పి నీ మీద పడితే?"

నాకు కోపం వచ్చింది. పదిరోజులు ఆమెతో మాట్లాడలేదు. పెట్టిన అన్నం తిని, కంచం నేనే కడుక్కుని, గోడ వైపు తిరిగి బొమ్మలు గీసుకునేవాణ్ణి. అంత నీచంగా నా జన్మలో మళ్ళీ ఎవరితోనూ ప్రవర్తించలేదు. పదకొండో రోజు పొద్దున్న ఆమే, "ఎప్పుడెల్లాల కోరుటుకి?" అంది.

దాచుకున్న నేత కోక కట్టుకుని వచ్చింది. దారంతా నా వెనకే, పది అడుగుల దూరంలో నడిచింది. మేజిస్ట్రేటు దొర ముందు చేతులు కట్టుకుని నిలబడితే, అంత పెద్ద గదిలో ఆమె ఇంతే ఉంది. జగదీశ్వరరావు గారు మెత్తగానే అడిగారు.

"చూడమ్మా, ఈ అబ్బాయి నీ కడుపున పుట్టినవాడేనా? ప్రమాణం చేసి చెప్పాలి."

ఆమె నోరు తెరిచింది. మూసింది. మళ్ళీ తెరిచింది.

"కాదు బాబూ. ఈడు జోగి కొడుకు. సింహాచలమ్మ కొడుకు. నాకు పిల్లల్లేరు బాబూ. పుట్టినోల్లందరూ పోనారు."

ఆయన నా వంక ఒకసారి చూసి, ఉన్నది ఉన్నట్టు ఇంగ్లీషులో చెప్పారు. మేజిస్ట్రేటు కలం కింద పెట్టాడు. అప్పుడు నాలో ఏం పూనిందో, బంట్రోతులూ వకీళ్ళూ అందరూ వినేలా, "అమ్మా!" అని అరిచాను. "అమ్మా, అబద్ధం ఎందుకాడతావు? అమ్మా!"

పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. ఆమె పరుగున వచ్చి అరచేత్తో నా నోరు మూసింది. ఆ చేతికి తవుడు వాసన. బంట్రోతు వచ్చి ఇద్దర్నీ బయటికి తోసేశాడు.

ఆమె మెట్ల మీద కూలబడింది. "సెబుదామనే వొచ్చినాను నాయనా. నోరు తెరిస్తే ముగ్గురూ వొచ్చి ఎదర నిలబడ్డారు" అంది. నేను ఆమెను అక్కడే వదిలేసి కాలేజీకి పోయాను. అప్పట్నుంచి కసికొద్దీ ఇంట్లో ప్రతి మాటకూ 'అమ్మా' అనడం మొదలుపెట్టాను. అమ్మా, నీళ్ళు. అమ్మా, దీపం. అన్నప్పుడల్లా ఆమె ముఖం పాలిపోయేది. నాకు తుమ్మొస్తే లేచి నిలబడేది. నాకది బాగుండేది. ఉన్నమాట రాస్తున్నాను.

తర్వాతి సంగతి నేను చూసింది కాదు. నాతో చదివే కో బ మౌంగ్ చెప్పాడు. యాత్రకు వెళ్ళే ఎనిమిదిమందిలో అతనూ ఉన్నాడు. ఒక మధ్యాహ్నం ఫెర్గసన్ దొర గది వరండాలోకి మా అమ్మ వచ్చిందట. చేతిలో చేట, చేట నిండా తవుడు. దొర దగ్గర తవుడు ఉంటుందో ఉండదో అని తానే మోసుకొచ్చింది. ఆమెకు బజారు బర్మా భాష వచ్చు. బ మౌంగ్ దాన్ని ఇంగ్లీషు చేశాడు. ఈ చేట మీరు పట్టుకుని నా కొంగులో పోయాలి, పోసి 'వాడు నావాడు' అనాలి, అంతే, ఇంకేం అక్కర్లేదు అంది. దొర దాన్ని ప్రయాణానికి ముందు చేసే దీవెన అనుకున్నాడు. కుంటికాలు మడిచి, ఆమె ఎదుట నేల మీద కూర్చుని, శ్రద్ధగా చిటికెడు కూడా ఒలకకుండా పోశాడట. చెప్పమన్న మాట బర్మాలో రెండుసార్లు చెప్పాడట, మొదటిసారి సరిగా పలకలేదని.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ఆమె చేపల కూర వండి కూర్చుంది. పండగలక్కూడా అంత సంతోషంగా చూడలేదు.

"నీకింక దిగుల్లేదు. దొర కొనుక్కున్నాడు. నువ్విప్పుడు దొర కొడుకువి. ఆడు తండ్రి కదా, ఆడే ఒట్టేసి తీసుకెల్తాడు. నన్నెవలూ ఏటీ అడగక్కర్లేదు. నువ్వు నన్ను పిలిసిన పిలుపులకి కూడా పెమాదం నేదు. నాను నీకేటీ కాను గదా."

కొంగున మూట కట్టిన తవుడు తెచ్చి చూపించింది.

నేను చెప్పాల్సి వచ్చింది. తెల్లవాళ్ళ పుస్తకంలో తవుడుకి చెల్లుబాటు లేదని చెప్పాను. ఆమె నమ్మలేదు. మా బేరమే కదా వాళ్ళ పుస్తకంలోకి ఎక్కింది, అప్పుడు చెల్లింది ఇప్పుడెందుకు చెల్లదు అని అడిగింది. మర్నాడు దొరకు అసలు సంగతి చెప్పాను. ఆయన తానే పై అధికారులకు ఉత్తరం రాశాడు. జవాబు వచ్చేసరికి స్టీమరు వెళ్ళి పన్నెండు రోజులైంది. జవాబులో కూడా వీలుపడదనే ఉంది.

స్టీమరు వెళ్ళిన రోజు రేవుకి పోలేదు. వాళ్ళు తిరిగి వచ్చేనాటికి నేను కాలేజీ మానేసి గోదాములో గుమాస్తాగా చేరాను. ఆమె నన్ను చదువుకోమనే అంది. నాకే ఆ లాంతరు బొమ్మలు చూడబుద్ధి కాలేదు. నా స్థానంలో వెళ్ళిన ఎనిమిదోవాడు వెనిసులో పడవ మీద తూలి టోపీ నీళ్ళలో పోగొట్టుకున్నాడని విని నాలుగు రోజులు నవ్వుకున్నాను. అంతకన్నా నాకేం దక్కింది?

వాళ్ళింకా అక్కడ ఉండగానే బ మౌంగ్ రోము నుంచి ఒక కార్డు పంపాడు. వెనక రెండే వాక్యాలు. 'నువ్వు చేతులు బాగుంటాయన్నావు కదా. ఇవి చూడు.' ముందువైపు తెల్లరాతి విగ్రహం. కూర్చున్న తల్లి, ఆమె ఒడిలో అడ్డంగా వాలిన, బాగా ఎదిగిన కొడుకు. నిజమే, ఆ తల్లి ఎడమచెయ్యి అరచెయ్యి తెరిచి పక్కకు చాచి ఉంది. నేను దాన్ని గీద్దామని వెలుతురు కోసం గడపలో కూర్చుంటే, ఆమె వచ్చి భుజం మీంచి చూసింది.

"ఎవలీ యమ్మ?"

"తెల్లవాళ్ళ దేవుడి తల్లి."

"ఒల్లో ఉన్నోడో?"

"ఆవిడ కొడుకే."

"తొంగున్నాడేటి?"

ఔను, పడుకున్నాడు అని ఉంటే సరిపోయేది. ఆమె చూసుకుని మురిసిపోయి లోపలికి పోయేది. నాకు ఇంకా కసి తీరలేదు.

"చచ్చిపోయాడమ్మా. చంపేశారు."

ఆమె కార్డు తీసుకుంది. మిల్లు పనికి పగుళ్ళిచ్చిన వేలితో ఆ రాతి కొడుకు చేతిని, వేలాడుతున్న కాళ్ళను తడిమింది. అప్పుడు అడిగింది.

"నా కొడుకని అందరికీ సెప్పుకుందా ఈవిడ?"

"చెప్పుకుంది. లోకమంతా తెలుసు."

'సూసినావా, నానన్నదే నిజం' అంటుందనుకున్నాను. అంటే వాదించడానికి నా దగ్గర బోలెడంత ఉంది. ఆమె అనలేదు. గడపలో నా పక్కనే కూలబడి, కార్డు బోర్లా పెట్టి, నా రెండు చేతులూ పట్టుకుంది. ఆమె ఏడవడం మా నాన్న పోయినప్పుడు కూడా నేను చూడలేదు.

"నువ్వు సూడ్డానికెల్తానన్నది ఇదేనేటి? ఇందుకేనా? ఓ పాలి అత్తా అను నాయనా. నీ కాల్లు పట్టుకుంటాను. ఒక్క పాలి అను."

నా కసి అంతా ఎక్కడికి పోయిందో తెలియదు. దానితో పాటే ఇంకేదో కూడా పోయింది, మళ్ళీ రాలేదు. సిగ్గుతో నాకు ఆమె ముఖం చూడబుద్ధి కాలేదు.

"అత్తా," అన్నాను. "ఆకలేస్తోంది, అన్నం పెట్టు."

ఆమె కళ్ళు తుడుచుకుని గబగబా లేచింది.