వంగిన పగులు

కొండవాలు జారే చోట్లను కనిపెట్టే కార్యాలయంలో ఆమె ఉద్యోగం. కొలతలు తీసేవాళ్ళు వేరే ఉన్నారు. ఏ నేల దేనికి ఆనుకుని ఉంది, దేని నుంచి విడిపోతోంది, ఆ తర్వాత ఏమవుతుంది అన్నది ఆలోచించి చెప్పడం ఆమె పని. బావ ఆటపట్టిస్తూ "మ్యాపులమ్మా" అని పిలిచేవాడు.

అక్కాబావల ఇల్లు వాలు కిందే. ముందు గదిలో బావ కుట్టుమిషన్, వెనక వంటిల్లు. ఆ పైన వాలు మీద ఒక పగులు ఉంది. మొన్నటిదాకా అది తిన్నని గీత. ఆ ఉదయం వచ్చిన ఫోటోలో దాని కొసలు రెండూ కిందికి వంగి ఉన్నాయి.

"వెడల్పేం పెరగలేదు కదమ్మా?" అన్నాడు పై అధికారి.

"లేదు సార్. కానీ ఆ కొసలు కింద రోడ్డు కోసం తవ్విన చోటికి చేరితే, మధ్య ముక్కకి కొండతో సంబంధం తెగిపోతుంది. ఇక జారడమే."

"ఎప్పుడు?"

"అది చెప్పలేను. ఏది ముందో, ఏది తర్వాతో చెప్పగలను."

"ఎప్పుడో తెలీకుండా వీధి మొత్తం ఎలా ఖాళీ చేయిస్తాం?"

ఆమె వానలోనే అక్క ఇంటికి పరుగెత్తింది.

బావ పాంటు అంచు మడుస్తూ నవ్వాడు. "కొండకి నా మీద పగేంటి మ్యాపులమ్మా? చిరిగితే చెప్పు, రెండు కుట్లు వేస్తా."

"నవ్వులాట కాదు బావా, లే!"

"ఇది ముగించి వస్తా. మీరు పదండి."

అక్క తన అత్తగారిని పట్టుకుని బయల్దేరింది. చెల్లెలు వీధిలో తలుపు తలుపూ తట్టింది. కొందరు కదిలారు, కొందరు తిట్టిపోశారు. ఇంతలో వాన తెరిపిచ్చింది. వచ్చినవాళ్ళు గొణుక్కుంటూ వెనుదిరగబోతే, ఆమె చేతులు చాచి అడ్డంగా నిలబడింది.

అప్పుడే వాలు కదిలింది. మూట విప్పితే గింజలు జారినట్టు జారి, వంటిళ్ళన్నిటినీ కప్పేసింది.

ముందు గదిలో ఉండబట్టి బావ బతికాడు. కాళ్ళు మాత్రం మిషన్ కింద నలిగిపోయాయి.

"నీకు తెలుసు కదే!" ఆస్పత్రిలో అక్క నిలదీసింది. "ఊరందరి తలుపులూ తట్టావు. మీ బావని రెక్క పట్టుకుని ఈడ్చుకురాలేకపోయావా?"



సాయంత్రం బావ కళ్ళు తెరిచాడు. "పైన మిగిలిన వాలు?" అన్నాడు నీరసంగా.

"కింద ఆసరా పోయింది బావా. అదీ నిలవదు. పక్క వీధి మీదికొస్తుంది."

"మరి ఇక్కడ కూర్చున్నావేం?"

ఆమె లేచింది. అక్క తలెత్తలేదు. కానీ కాళ్ళు పక్కకి తీసుకుని దారిచ్చింది.