మూడో సిలిండర్

పొద్దున్నే మిలిసావ్ చేసే మొదటి పని, అడుగున మడ్డి దిగే కాఫీ కప్పు పట్టుకుని పెరట్లోకొచ్చి కారు బానెట్ ఎత్తడం. ఆ కారుకి స్టెప్నీ టైరు కూడా ఇంజిన్ పక్కనే, బానెట్ కిందే ఉంటుంది. కప్పు దాని మీద పెట్టి, ఆయిలు పుల్ల లాగి, గుడ్డతో తుడిచి, మళ్ళీ ముంచి చూసేవాడు. తర్వాత రేడియేటర్లో నీళ్ళు. ఆ తర్వాత ఆయిలు మూత తిప్పి దాని లోపలివైపు చూసేవాడు. అక్కడ మీగడలా తెల్లటి నురగ కనబడిందంటే హెడ్ గ్యాస్కెట్ పోయినట్టే, నీళ్ళు ఆయిల్లో కలుస్తున్నట్టే. అన్నీ అయ్యాక సెల్ఫ్ కొట్టి, ఇంజిన్ వేడెక్కేదాకా కాఫీ తాగుతూ వింటూ నిలబడేవాడు.

వినడానికి అదేమంత గొప్ప ఇంజిన్ కాదు. పదకొండు వందల సీసీ పెట్రోలు ఇంజిన్, నాలుగు సిలిండర్లు, యాభై అయిదు గుర్రాల బలం, రెండు గొంతుల కార్బొరేటర్. కాగితం మీది గొప్పలు ఇంతే, రోడ్డు మీది తిప్పలు మాత్రం బోలెడు. వాన పడితే డిస్ట్రిబ్యూటర్ మూతలో చెమ్మ చేరుతుంది. పెట్రోల్లో నలక వస్తే కార్బొరేటర్ గొంతు పూడుకుంటుంది. టైమింగ్ బెల్టు సంగతి చెప్పనే అక్కర్లేదు. అది అత్తగారి కోపం లాంటిది, తెగేముందు చెప్పదు. తెగిందా, వాల్వులు వెళ్ళి పిస్టన్లకి కొట్టుకుంటాయి. ఇన్ని ఉన్నా సెర్బియా కొండల్లో ఆ కార్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయంటే, వాటిని చేసిన వాళ్ళకంటే బాగుచేసుకునే వాళ్ళు మొండివాళ్ళు కాబట్టే.

ద్రెనోవా లోయలో దీనికి తోడు ఇంకో సంగతి ఉంది. అక్కడ కారు ముదిరేకొద్దీ నడిపేవాడి ఒంటి తీరే దానికీ వస్తుంది. చర్చి గురువు సవాతియె గారికి మూత్రపిండంలో రాళ్ళు చేరిన ఏడాది ఆయన కారు కార్బొరేటర్లో రోజూ గుప్పెడు ఇసుక దొరికేది. బడి పంతులమ్మకి చెవుడు మొదలవగానే ఆవిడ కారు హారన్ మూగబోయింది. లోయలో ఎవరూ దీన్ని వింత అనుకోరు. ఊళ్ళోని దవాఖానాకి వెళితే డాక్టరమ్మ దెసాంక ముందు మనిషిని చూస్తుంది, తర్వాత వాకిట్లోకి వెళ్ళి కారుని చూస్తుంది. మనిషి అబద్ధమాడినా కారు ఆడదని ఆవిడ నమ్మకం.

అందుకే ఆ శరత్కాలంలో ఒక పొద్దున ఇంజిన్ మిస్ కొట్టేసరికి మిలిసావ్ కాఫీ చల్లారిపోయింది.

ఆ ఇంజిన్లో సిలిండర్లు మండే వరస ఒకటి, మూడు, నాలుగు, రెండు. ముప్ఫై ఏళ్ళుగా మిలిసావ్ చెవిలో అది జపంలా తిరుగుతోంది. ఇప్పుడు మూడు ఉండాల్సిన చోట అప్పుడప్పుడూ ఖాళీ. మెట్టు తప్పిన కాలులా బండి ఒక్కసారి తూలి మళ్ళీ సర్దుకునేది.

మెకానిక్ గ్వోజ్దెన్ దగ్గరికి తీసుకెళ్ళాడు.

"ప్లగ్గులు మార్చావా అన్నా?"

"మార్చాను."

"నువ్వు మార్చడమంటే పాతవి గీకి పెట్టడం."

"కొత్తవేరా. నీలాగా పాతవి అంటగట్టే అలవాటు నాకు లేదు."

గ్వోజ్దెన్ నవ్వి, ఇంజిన్ తిరుగుతుండగానే ప్లగ్గు వైర్లు ఒక్కోటీ పీకి చూశాడు. మొదటిది పీకితే బండి కుంగింది, రెండోది పీకినా, నాలుగోది పీకినా అంతే. మూడోది పీకినప్పుడు కాసేపు కుంగింది, కాసేపు పట్టించుకోలేదు. వైర్లు మార్చాడు, కాయిల్ మార్చాడు, డిస్ట్రిబ్యూటర్ మూత మార్చాడు. కంప్రెషన్ చూస్తే నాలుగింటిలోనూ సమానంగా ఉంది.

"పెట్రోలు కూడా తెగ తాగేస్తోందిరా," అన్నాడు మిలిసావ్. "నేను తిరిగేదానికీ అది తాగేదానికీ పొంతన లేదు."

"అది నీ దగ్గరే నేర్చుకుని ఉంటుంది." కార్బొరేటర్ ఫ్లోటు సరిచేసి చూశాడు గ్వోజ్దెన్. తేడా రాలేదు. చేతులు తుడుచుకుని, ఈసారి నవ్వకుండా అన్నాడు: "ఇంజిన్లో ఏ జబ్బూ లేదన్నా. నువ్వు డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళు."

డాక్టరమ్మ స్టెతస్కోపు బానెట్ కింద ఆనించి, కళ్ళు మూసుకుని చాలాసేపు విన్నది.

"ఇది గుండె జబ్బే. రక్తం వెళ్ళే దారి పూడుకుపోతోంది," అన్నది. తర్వాత మిలిసావ్‌ని లోపల పడుకోబెట్టి, ఛాతీకి తీగలు తగిలించి, మిషన్లోంచి వచ్చిన కాగితం చూసి కనుబొమలు ముడిచింది. "నీది మాత్రం ఎద్దు గుండెలా ఉంది. కారు ఇంకెవరైనా నడుపుతారా?"

మిలిసావ్‌కి చిన్నతనంగా అనిపించింది. "నా కారు ఇంకెవరు నడుపుతారు డాక్టరమ్మా? ఒక ఇంటికి ఒక కారు, ఒక కారుకి ఒక డ్రైవరు."

ఇంటికి వచ్చేదారిలో అతను ఒక నిర్ణయానికి వచ్చాడు. దవాఖానా మిషను పాతది, అది తప్పు చెప్పింది. ఇంజిన్ తప్పు చెప్పదు.

అప్పట్నించి చావుకి సిద్ధపడటం మొదలుపెట్టాడు. ముందు సారా మానేశాడు. కట్టెలు మొయ్యడం, బావి నీళ్ళు తోడటం, పందులకి కుడితి మొయ్యడం అన్నీ మానేశాడు. గుండె జబ్బు మనిషి బరువులెత్తకూడదు కదా. ఆ పనులన్నీ భార్య స్తమేనా మీద పడ్డాయి. తర్వాత వెళ్ళి సమాధి రాయి చెక్కించాడు. ఆ దేశంలో బతికుండగానే రాయి నిలబెట్టుకోవడం మామూలే. నల్లరాతి మీద మొగుడూ పెళ్ళాల బొమ్మలు పక్కపక్కన ఉంటాయి, పుట్టిన ఏడు చెక్కి ఉంటుంది, రెండో ఏడుకి జాగా వదిలేసి ఉంటుంది. పండగ రోజున పోయినవాళ్ళకి కొవ్వొత్తి పెట్టడానికి వెళ్ళి, పనిలో పనిగా తమ మొహాల మీది దుమ్ము కూడా తుడిచి వస్తారు.

"నా బొమ్మ కూడా చెక్కించావటగా," అన్నది స్తమేనా కట్టెల బుట్టతో మెట్లెక్కుతూ, పైమెట్టు మీదున్న మొగుడితో.

"ఒకరికైనా ఇద్దరికైనా రాయి అదే కదా."

"ఏ ఫొటో ఇచ్చావు?"

"మీ తమ్ముడి పెళ్ళిలోది."

"దాన్లో నా జుట్టు గడ్డివాములా ఉంటుంది. ఒక్కమాట అడిగితే నోరు అరిగిపోయేదా?"

"నాకు రోజులు దగ్గరపడ్డాయే. నువ్వింకా చాలా ఏళ్ళుంటావు. నీ బొమ్మైనా నాకు తోడుంటుందని..."

స్తమేనా సగం మెట్ల మీద ఆగింది. బుట్ట గోడకి ఆనించింది.

"ఏం ఆగావు?"

"నువ్వు దిగుతావేమోనని," అన్నది ఊపిరి కూడదీసుకుంటూ. అతను నిజమే అనుకుని దిగి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం భోజనమయ్యాక సారా కొట్టుకి నడిచివెళ్ళి చుక్కల బిళ్ళలతో డొమినోలాడటం మిలిసావ్‌కి ఎన్నో ఏళ్ళ అలవాటు. తాగి నడిపితే పోలీసులు పట్టుకుంటారని కారు ఇంట్లోనే వదిలేసేవాడు. చీకటి పడేదాకా తిరిగొచ్చేవాడు కాదు. సారా మానేశాక మాత్రం ఆటలో పస పోయింది. ఆరోజు తోటివాళ్ళు, "రాయి కూడా నిలబెట్టుకున్నాడు, ఇంకా మన మీద ఆటలు గెలుస్తున్నాడు," అని ఆటపట్టిస్తుంటే విసుగొచ్చి ఎండ ఉండగానే లేచి వచ్చేశాడు.

గేటు తీసి ఉంది. కారు ఉండాల్సిన చోట ఆయిలు మరకా, దాని మీద ఒక కోడీ ఉన్నాయి.

దొంగలని అరవబోయాడు. అంతలో కనుమ రోడ్డు మీంచి శబ్దం వినబడింది. ఒకటి, ఖాళీ, నాలుగు, రెండు. చెయ్యి దానంతటదే ఛాతీ మీదికి పోయింది. లోపల గుండె ఎద్దులాగే నడుస్తోంది, ఎక్కడా తడబాటు లేదు.

కారు గేట్లోకి తిరిగి, సరిగ్గా మరక మీద ఆగింది. స్తమేనా ఇంజిన్ ఆపింది. సీటు వెనక్కి జరిపింది. అద్దం పైకి తిప్పింది. స్టీరింగు మీద పడ్డ తల వెంట్రుకొకటి తీసి కిటికీలోంచి పారేసింది. అప్పుడు తలెత్తి మొగుణ్ణి చూసింది.

"ఎక్కడికెళ్ళావు?"

"ఎక్కడికీ లేదు. కనుమ దాకా వెళ్ళి తిరిగొచ్చాను."

"కనుమలో ఏముందని?"

"ఏమీ లేదు. నీ పందులు లేవు, నీ కట్టెలు లేవు."

"ఎన్నాళ్ళ నుంచి?"

"నువ్వు డొమినోలు మొదలెట్టినప్పట్నుంచి."

"లైసెన్సు లేకుండా?"

"లైసెన్సు పెళ్ళికి ముందే ఉంది. నువ్వెప్పుడూ అడగలేదు."

పెట్రోలు గుర్తొచ్చింది, గ్వోజ్దెన్ విప్పి బిగించిన ఫ్లోటు గుర్తొచ్చింది, డాక్టరమ్మ ముందు తను పోయిన బడాయి గుర్తొచ్చింది. అరవడానికే దగ్గరికి వెళ్ళాడు. దగ్గరికి వెళితే ఆమె పెదాలు నేరేడు పండు తిన్నట్టున్నాయి. అరవలేదు. మణికట్టు పట్టుకుని, రోజూ పొద్దున్నే బానెట్ దగ్గర విన్నట్టే విన్నాడు. ఒకటి, ఖాళీ, నాలుగు, రెండు.

"కదలకు. కూర్చో."

"పందులకి కుడితి..."

"కూర్చోమన్నానా. పందులు ఒక పూట పస్తుంటే చావవు."

ఆ సాయంత్రం డాక్టరమ్మ స్తమేనా గుండె ఒకసారి, బానెట్ ఒకసారి విని, వెంటనే బెల్‌గ్రేడ్ ఆసుపత్రికి ఫోన్ చేసింది.

ఆపరేషను రోజున మిలిసావ్ లోపలి బల్లల మీద కూర్చోలేకపోయాడు. కార్లు నిలిపే చోటికి వచ్చి, ఇంజిన్ స్టార్ట్ చేసి స్టీరింగు ముందు కూర్చున్నాడు. మూడోది తప్పుతూనే ఉంది. గుండెని కాసేపు ఆపి కుట్టాలని, అంతసేపూ మిషనే రక్తం తిప్పుతుందని పెద్ద డాక్టరు చెప్పాడు. 'ఆపి' అన్న మాటే అతని చెవిలో ఉండిపోయింది.

కాపలా మనిషి వచ్చి కిటికీ తట్టాడు. "పెద్దాయనా, ఇంజిన్ ఆపు. పొగ."

"ఆపలేను బాబూ. మా ఆవిడ లోపలుంది."

"ఏం ఆపరేషను?"

"గుండె."

కాపలా మనిషి బానెట్ వైపు ఒకసారి చూశాడు. "సరే. సైలెన్సర్ అటు తిప్పి పెట్టుకో, కిటికీల్లోకి కొట్టకుండా."

ఎండ గోడ మీదికి ఎక్కుతుండగా ఇంజిన్ ఆగిపోయింది. దగ్గలేదు, తూలలేదు, ఊరికే ఆగింది. ఆయిలు దీపం, బ్యాటరీ దీపం ఎర్రగా వెలిగాయి. ఆగిన బండిలో డ్రైవరు చెయ్యి తాళం మీదికి దానంతటదే పోతుంది. మిలిసావ్ చెయ్యీ పోయింది.

"ఆగిపోయింది తాతా," అన్నాడు కాపలా మనిషి అక్కణ్ణించే. "సెల్ఫ్ కొట్టు."

"వద్దు. ఇది నేను కొట్టేది కాదు."

చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. ముప్ఫై ఏళ్ళలో ఆ కార్లో ఏమీ చెయ్యకుండా కూర్చోవడం అతనికి అదే మొదలు. బయట కార్లు వచ్చాయి, వెళ్ళాయి. ఎవరో ఆడమనిషి పూలగుత్తి పట్టుకుని నవ్వుకుంటూ పోయింది. బ్యాటరీ దీపం మసకబారుతోందేమోనని అతను దానివంకే చూస్తూ ఉండిపోయాడు. కాపలా మనిషి కూడా తన కుర్చీ ఇటు తిప్పుకుని, సిగరెట్టు వెలిగించకుండా వేళ్ళ మధ్య పట్టుకున్నాడు.

ఎండ గోడ మీంచి దిగిపోయాక, తాళం ఎవరూ తిప్పకుండానే ఇంజిన్ ఒకసారి కదిలింది. ఆగింది. మళ్ళీ కదిలి, అందుకుంది. ఒకటి. మిలిసావ్ ఊపిరి బిగబట్టాడు. మూడు. నాలుగు, రెండు. ఒకటి, మూడు. ఎన్నిసార్లు విన్నా మూడు దాని చోట అది ఉంది.

కాసేపటికి అతను డ్రైవరు సీట్లోంచి దిగి, కారు చుట్టూ నడిచి వెళ్ళి, రెండోవైపు తలుపు తీసి కూర్చున్నాడు. ఆ సీట్లో ఎప్పుడూ కూర్చున్నవాడు కాదు. బెల్టు ఏ వైపు ఉంటుందో తడుముకోవలసి వచ్చింది.